మడమ నొప్పి ఏడు నెలలుగా తగ్గలేదన్నారు, లెక్క చూస్తే మూడుసార్లు తగ్గింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు మీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీకు 38 ఏళ్లు, ఉండేది విజయవాడ భవానీపురం, రోజంతా కౌంటర్ వెనక నిలబడే ఉద్యోగం. మూడేళ్లుగా పరిగెడుతున్నారు. హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) కోసం నిరుడు అక్టోబరులో వారానికి 25 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 45కి పెంచారు. నవంబరులో అయ్యప్ప మాల వేసుకుని పరుగు ఆపేశారు, 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగారు. శబరిమల నుంచి వచ్చిన వారానికే ప్రకాశం బ్యారేజీ మీద అటూ ఇటూ కలిపి 12 కిలోమీటర్లు లాగించారు. మర్నాడు పక్క దిగి కాలు మోపగానే కుడి మడమలో మేకు దిగినట్టయింది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు, ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. ఇంట్లో వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి కాపడం పెట్టారు. మీరేమో ఖరీదైన షూ కొన్నారు. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతోంది, పరుగు మొదలుపెట్టగానే తిరగబెడుతోంది. ‘ఇక నా పరుగు అయిపోయినట్టేనా?’ అన్నది మీ ప్రశ్న.

అయిపోలేదు. 22 ఏళ్లుగా విజయవాడలో ఫిజియోథెరపీ చేస్తున్నాను కాబట్టి అంటున్న మాట కాదిది, నాకూ వచ్చింది కాబట్టి అంటున్నాను. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాల 12 రోజులూ ఘాట్ దగ్గర ఒక వైద్య శిబిరంలో సేవకు వెళ్లాను. సిమెంటు మెట్ల మీద రోజుకు పది గంటలు నిలబడటం, సగం సమయం ఉత్త కాళ్లతో. పుష్కరాలు అయ్యాక మూడో రోజు పొద్దున నా ఎడమ మడమ నేల మీద ఆనలేదు. పదిమందికి చెప్పే వైద్యం నాకు పనికిరాదనుకున్నానో ఏమో, మీరు చేసిన తప్పులన్నీ నేనూ చేశాను. పూర్తిగా తగ్గేసరికి 11 నెలలు పట్టింది.

ఇప్పుడు మీ ఏడు నెలల లెక్క చూద్దాం. జనవరిలో మూడు వారాలు ఆపారు, తగ్గింది, ఫిబ్రవరిలో వెళ్లి 6 కిలోమీటర్లు పరిగెత్తారు. మళ్లీ వచ్చింది. మార్చి, ఏప్రిల్‌లో ఐదు వారాలు ఆపారు, తగ్గింది, ఈసారి 8 కిలోమీటర్లు. మళ్లీ వచ్చింది. జూన్‌లో మళ్లీ తగ్గగానే మాత్ర వేసుకుని స్నేహితులతో కలిసి 5 కిలోమీటర్లు వేగంగా పరిగెత్తారు. మళ్లీ వచ్చింది. మీరు దీన్ని తగ్గని నొప్పి అంటున్నారు. నాకు మాత్రం మూడుసార్లు తగ్గి, మూడుసార్లూ తగ్గిన వారంలోనే మళ్లీ దెబ్బతిన్న మడమ కనిపిస్తోంది. ఈ రెండూ ఒకటి కాదు. మొదటిదైతే నేను కూడా భయపడేదాన్ని.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా మీరే ఊహించగలరు. మడమ ఎముక కింద లోపలి వైపు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా ఒక మందపాటి పట్టీ ఉంటుంది. వింటికి నారి ఎలాగో అరికాలి వంపుకు అది అలాగ. అడుగు వెనక్కి తోసేటప్పుడు వేళ్లు పైకి వంగుతాయి కదా, అప్పుడు ఆ నారి బిగుసుకుని వంపును నిలబెడుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ ఇదే పని. మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు వారాల తరబడి పడితే, మడమకు అతుక్కునే చోట పట్టీలో పోగులు చెడతాయి. దీన్నే డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు, మన పెద్దవాళ్లు మడమ శూల అనేవారు. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి పట్టీ వదులుగా ఉంటుంది. పొద్దున మొదటి అడుగుతో అది ఒక్కసారిగా సాగుతుంది. అందుకే ఆ మేకు దిగినట్టుండే పోటు, పది అడుగులు వేశాక కాస్త సర్దుకోవడం, సాయంత్రానికి మళ్లీ సలుపు.

పాత కేసుల్లో ఆపరేషన్ చేసి తీసిన ముక్కల్ని పరీక్షిస్తే వాపు కంటే పోగుల అరుగుదలే ఎక్కువ కనిపించింది. కాబట్టి వాపు మాత్రలు నొప్పిని కప్పిపెడతాయి తప్ప పట్టీని బాగుచేయవు. విశ్రాంతి సంగతీ అంతే. బరువు పడనప్పుడు నొప్పి ఊరుకుంటుంది, కానీ ఆ ఐదు వారాల్లో పట్టీకీ, పిక్కలకూ ఉన్న ఓపిక ఇంకా తగ్గిపోతుంది. నొప్పి లేదు కదా అని మీరు పాత కాలుతో పరిగెత్తినట్టే పరిగెత్తారు. అక్కడున్నది పాత కాలు కాదు.

అలాగని ఇది కచ్చితంగా అదేనని చూడకుండా చెప్పలేను. ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది, నొప్పి ఎక్కడో చూపించమని. ఒక వేలితో మడమ కింద లోపలి అంచును నొక్కి ‘ఇదిగో ఇక్కడ’ అంటే సాధారణంగా ఇదే. మడమను రెండు పక్కలా అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కినప్పుడు ప్రాణం పోయేంత నొప్పి వస్తే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, నడిచేకొద్దీ తగ్గకుండా పెరుగుతుంటే, ఎముకలో సన్న పగులు ఉందేమోనని అనుమానించాలి. అక్టోబరులో మీరు పెంచిన తీరు చూస్తే ఈ పరీక్ష మీకు తప్పనిసరి. అలాంటి పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. నొప్పి కంటే మంట, తిమ్మిరి ఎక్కువైతే అది నరం గొడవ. రెండు మడమలూ నొప్పి, పొద్దున అరగంటకు పైగా నడుము పట్టేయడం ఉంటే కీళ్లవాతం డాక్టరును కలవాలి. అలాంటివాళ్లకు ఎన్ని వ్యాయామాలు చెప్పినా లాభం ఉండదు. మీరు షుగర్ పరీక్ష గురించి రాయలేదు. 38 ఏళ్లకు అది ఒకసారి చేయించుకోవడం మంచిది.

ఎముక పెరిగిందన్న మాట మాత్రం మనసులోంచి తీసేయండి. నొప్పే లేని చాలామందికి ఎక్స్‌రే తీస్తే ముల్లులా పెరిగిన ఆ ఎముక కనిపిస్తుంది. నొప్పి పూర్తిగా పోయినవాళ్లకూ అది అక్కడే ఉంటుంది. నా మడమలో ఇప్పటికీ ఉంది. ఎముక అరగాలి, కరగాలి అని మందులమ్మేవాళ్లకు దండం పెట్టి బయటికి రండి.

ఇంజెక్షన్ గురించి. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, ఆ మాట నిజమే. తర్వాత దాని ప్రభావం తగ్గిపోతుంది. పదేపదే చేయిస్తే మడమ కింద ఉండే కొవ్వు మెత్త పలచబడొచ్చు, పట్టీ తెగే ప్రమాదం కూడా ఉంది. నడవడానికే వీల్లేనంత నొప్పి ఉన్నవాళ్లకు ఒకసారి చేయించడం తప్పని నేననను. కానీ మీ స్వభావానికి అది సరిపడదు. నొప్పి లేకపోతే మీరు ఊరుకునే మనిషి కాదని మూడుసార్లు రుజువైంది. ఇంజెక్షన్ చేయించుకున్న పదో రోజు మీరు బ్యారేజీ మీద ఉంటారు.

మా వృత్తి మీద కూడా ఒక మాట. రోజూ వచ్చి పది నిమిషాలు మెషిన్ పెట్టించుకుని వెళ్లండి అని ఎవరైనా అంటే, వ్యాయామం ఏం చేయాలని అడగండి. ఏమీ లేదంటే ఇంకో చోటు చూసుకోండి. మడమ మీద ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స వేరు, ఆరు నెలలు దాటిన కేసుల్లో కొందరికి పనిచేస్తుంది, కానీ వ్యాయామానికి తోడుగానే.

ఇక చేయాల్సిన పని. పొద్దున లేవగానే కాలు కింద పెట్టకండి. మంచం మీదే కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలివేళ్లను ముడుకు వైపు వెనక్కి లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలు తడిమితే నారిలా బిగిసిన పట్టీ తగలాలి. పదంకెలు లెక్కపెట్టి వదలండి, ఇలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు, మొదటిది మాత్రం పక్క దిగకముందే. ఇది చేశాక వేసే మొదటి అడుగు తేడా మీకే తెలుస్తుంది.

అసలైన మందు రెండోది. మెట్టు అంచున నిలబడండి, మడమలు బయట వేలాడాలి. తువ్వాలును చుట్టగా చుట్టి కాలివేళ్ల కింద పెట్టండి. వేళ్లు పైకి వంగి ఉండాలనే దాని ఉద్దేశం. గోడనో రెయిలింగ్‌నో పట్టుకుని మూడంకెలు లెక్కపెడుతూ మునివేళ్ల మీదికి లేవండి, రెండంకెలు ఆగండి, మూడంకెల్లో దిగండి. మొదట రెండు కాళ్లతో, ఓపిక వచ్చాక నొప్పి ఉన్న కాలితో మాత్రమే. పన్నెండోసారి లేచేసరికి ఇంకోసారి లేవలేననిపించేంత బరువు ఉండాలి. అలాంటి విడతలు మూడు. రెండు వారాలయ్యాక బ్యాగులో పుస్తకాలో బియ్యం సంచో వేసి బరువు పెంచి, పదేసి చొప్పున నాలుగు విడతలు. ఇంకో రెండు వారాలకు ఎనిమిదేసి చొప్పున అయిదు. రోజు విడిచి రోజు మాత్రమే, రోజూ చేస్తే పట్టీకి కోలుకునే తీరిక ఉండదు. డెన్మార్క్ పరిశోధకులు 48 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించారు. మూడు నెలలకు, పట్టీ సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్ల కంటే వీళ్లు బాగా మెరుగయ్యారు. ఏడాదికి రెండు జట్లవాళ్లూ ఒకే చోటికి వచ్చారు. అంటే ఇది మంత్రమేం కాదు, దారి కొంచెం దగ్గర చేస్తుంది, అంతే. చేసేటప్పుడు కొంత నొప్పి ఉంటుంది, దానికి హడలిపోవద్దు.

ఎంత నొప్పి ఫరవాలేదు అన్నదే అందరూ తడబడే చోటు. పదికి మూడు దాకా ఓర్చుకోవచ్చు. కానీ అసలు తీర్పు ఇచ్చేది మర్నాటి మొదటి అడుగు. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకునే గడి ఉంటుంది చూడండి, అందులో రోజూ పొద్దున మొదటి అడుగుకు సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయండి. నిన్న ఏం చేసినా సరే, ఇవాళ్టి అంకె నిన్నటికంటే పెరగకపోతే మీరు చేసింది సరిపోయినట్టు. పెరిగితే ఒక మెట్టు కిందికి దిగండి. ఒక మెట్టే, మళ్లీ మంచమెక్కొద్దు. నాకు ఆ క్యాలెండర్ వల్లే తెలిసింది, నా మడమను చెడగొడుతున్నది పరుగు కాదని. ఆదివారం, సోమవారం అంకెలు ఎప్పుడూ ఎక్కువే ఉండేవి. శనివారం రాత్రీ, ఆదివారమంతా నేను వంటింట్లో గ్రానైట్ మీద ఉత్త కాళ్లతో నిలబడేదాన్ని.

ఈ విషయం కాస్త గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో ఇప్పుడు మట్టి నేల లేదు, నాపరాయి కూడా పోయింది. అంతా గ్రానైటో టైల్సో. దాని మీద ఉత్త కాళ్లతో రోజుకు ఆరేడు గంటలు తిరుగుతాం, బయట రెండు గంటలకు మాత్రం పది వేల రూపాయల షూ వేసుకుంటాం. మీ మడమకు మంచి చేసేది ఆ పది వేలు కాదు, ఇంట్లో వేసుకునే ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అడుగున్నవి. సూర్యారావుపేటలో ఆసుపత్రుల దగ్గరున్న షాపుల్లో దొరుకుతాయి. ఇంట్లో చెప్పులేమిటని మీ అమ్మగారు అంటారు, మా అత్తగారూ అన్నారు. ఆ జత గడప దాటి బయటికి వెళ్లదని మాటిచ్చాను, పూజ గది ముందు విప్పేదాన్ని. నెలకి ఆవిడే తనకూ ఒక జత తెమ్మన్నారు. సన్నగా పలకలా ఉండే హవాయి చెప్పులు మాత్రం వద్దు, అవి ఉన్నా లేనట్టే.

కౌంటర్ దగ్గర నిలబడే చోట మందపాటి రబ్బరు చాప వేయించుకోండి. షూలో సిలికాన్ మడమ మెత్త పెట్టుకోండి. కొలతలు తీసి చేయించే ఖరీదైన సోల్స్ మందుల షాపులో దొరికేవాటికంటే పెద్దగా మెరుగని తేలలేదు. మీరు కొన్న షూ ఏ కంపెనీదైనా ఫరవాలేదు, మడమ వైపు మరీ పల్చగా లేకపోతే చాలు.

జిల్లేడాకు, ఇటుక కాపడం మానమని నేను చెప్పను. వెచ్చదనానికి పిక్కలు వదులవుతాయి, కాసేపు హాయిగా ఉంటుంది. అంతకుమించి ఆశించకండి. షుగర్ ఉండి కాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లొద్దు, కాలినా తెలియదు. అలాంటి బొబ్బలు నేను చూశాను. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. కొందరికి చల్లదనం పడుతుంది, వాళ్లు గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద అప్పడాల కర్రలా దొర్లించుకోవచ్చు.

పరుగెప్పుడు? ముందు రోజూ అరగంట చురుకైన నడక. పది రోజుల పాటు క్యాలెండర్‌లో అంకె పెరగకపోతే, అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిదిసార్లు. రోజు విడిచి రోజు. అది నవ్వొచ్చేంత తక్కువ పరుగని తెలుసు. 21 కిలోమీటర్ల మనిషిని పట్టుకుని ఎనిమిది నిమిషాలు పరిగెత్తమంటున్నాను. పున్నమి ఘాట్ దగ్గర పొద్దున అయిదింటికి మీకు తెలిసినవాళ్లంతా మిమ్మల్ని దాటుకుని వెళ్తుంటారు, ‘ఏంటి బాసూ, నడుస్తున్నావ్?’ అంటారు. నా అనుభవంలో మడమను మళ్లీ పాడుచేసేది ఆ ఒక్క మాటే. అందుకే మొదటి ఆరు వారాలు వాళ్లు లేని చోట పరిగెత్తండి. కాలనీలో చదునైన మట్టి గ్రౌండ్ ఉంటే అది చాలు. బ్యారేజీ ఒక చివర నుంచి మరో చివరకు 1.2 కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో నొప్పి వచ్చినా మొత్తం దాటాల్సిందే. గ్రౌండ్‌లో అయితే ఎక్కడైనా ఆగిపోవచ్చు.

వారానికోసారి పరుగు వాటా కొంచెం పెంచుతూ, నడక వాటా తగ్గిస్తూ రండి. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచొద్దు. గాంధీ కొండ మెట్లు, ఎత్తు రోడ్లు, వేగం పరుగులు అన్నిటికంటే చివరికి. పరుగుకు ముందు నొప్పి మాత్ర అసలొద్దు, క్యాలెండర్ చేత అబద్ధం చెప్పించినట్టవుతుంది. ఈలోపు ఊపిరి దమ్ము పోకుండా సైకిల్ తొక్కండి, ఈతకు వెళ్లండి. ఈ రెండూ మడమను పెద్దగా ఇబ్బంది పెట్టవు. నాలుగు కిలోలు పెరిగానన్నారు, దాని గురించి ఇప్పుడు కడుపు మాడ్చుకోవద్దు. సైకిల్ మొదలుపెడితే కొంత దిగుతుంది.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. ఈ నొప్పి చాలామందికి ఏడాది లోపు పోతుంది. మీరు ఇవాళ మొదలుపెడితే వ్యాయామం పని తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తడానికి నాలుగు నెలలు వేసుకోండి. మధ్యలో ఒకటి రెండు వారాలు అంకె చిన్న కారణానికే పెరుగుతుంది, పెళ్లిలో నిలబడ్డందుకో, రైల్లో నిలబడి గుంటూరు వెళ్లొచ్చినందుకో. నాకు తొమ్మిదో నెలలో అలా పెరిగితే వంటింట్లో కూర్చుని ఏడ్చాను. వారంలో మళ్లీ దిగింది. మూడు నెలలు నిజాయితీగా చేసినా అంకె కదలకపోతే ఎముకల డాక్టరును మళ్లీ కలిసి, వేరే కారణం ఉందేమో స్కానింగ్‌తో చూడమని అడగండి. డిసెంబరులో జరిగే హాఫ్ మారథాన్‌కు పేరిచ్చారు కదా, దాన్ని మాత్రం వదులుకోండి. దాని గురించి బేరాలొద్దు.

చివర్లో ఈ నవంబరులో మాల వేసుకోవచ్చా అని మొహమాటపడుతూ అడిగారు. వేసుకోవాలా వద్దా అన్నది నేను చెప్పే విషయం కాదు, మీ గురుస్వామి చెప్పాలి. మడమ సంగతి మాత్రం నేను చెప్పగలను. ఇంకా బాగుపడుతున్న పట్టీతో 41 రోజులు విజయవాడ సిమెంటు రోడ్ల మీద ఉత్త కాళ్లతో తిరిగి, ఆపైన పంబ నుంచి కొండెక్కితే మళ్లీ జనవరికి ఇదే ప్రశ్న అడుగుతారు. మా దగ్గరికొచ్చిన కొందరు స్వాములు ఆరోగ్యం బాగాలేదని గురుస్వామికి చెప్పుకుని, గుడి దగ్గరా పీఠం దగ్గరా తప్ప మిగతా చోట్ల మెత్తటి చెప్పులు వేసుకున్నారు. ఇంకొకాయన ఆ ఏడు మానేసి, మరుసటి ఏడు వెళ్లారు. ఇప్పుడు ఆగస్టే కదా. నవంబరు మొదటివారం నాటికి మీ క్యాలెండర్‌లో అంకెలు ఎలా ఉన్నాయో ఆ కాగితాలు తీసుకెళ్లి ఆయనకే చూపించండి.